గుట్ట మనది, కాయితం ఎవరిది?

(ఉప్పల్‌లో జరిగిన విద్యార్థి – ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ‘సహజ వనరులు – ప్రభుత్వ పారదర్శకత’. పెద్ద మాట. నేను దాన్ని చిన్న మాటగా మార్చుకున్న. గుట్ట మనది, అడవి మనది, నీళ్లు మనవి అని ఎన్నో ఏండ్లు గొంతు పోయేటట్టు అరిచినం. మరి ఆ గుట్ట మీద రాసుకున్న కాయితం ఎవరిది? అది ఎవరి బీరువాలో ఉన్నది? దాంట్లో ఏం రాసి ఉన్నది? ఇదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న అడగటానికి ఉప్పల్ కంటే మంచి జాగ లేదు. హబ్సిగూడ నుంచి ఇటు వచ్చే తోవలో ఎన్జీఆర్ఐ ఉన్నది. 1961లో మొదలైన జాతీయ సంస్థ. భూమి లోపల నీళ్లు ఎక్కడున్నయి, ఖనిజం ఎక్కడున్నది అని పరిశోధన చేసే పెద్ద చదువుల జాగ అది. ఈ ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నది. భూమిని కొలిచి పటం గీసే విద్య అక్కడ నేర్పుతరు. నాచారం దాటి ఈసీఐఎల్ దిక్కు పోతే 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వస్తది. ఝార్ఖండ్‌లోని జాదుగూడ, కడప జిల్లాలోని తుమ్మలపల్లె గనుల యురేనియం అక్కడికే వచ్చి అణు రియాక్టర్లకు ఇంధనమైతది. పైన కొలిచేటోళ్లు ఇక్కడ, లోపల చూసేటోళ్లు ఇక్కడ, తీసినదాన్ని ఇంధనం చేసేటోళ్లు ఇక్కడ.

ఈ సంస్థలను నేను తప్పు పట్టటం లేదు. వాటిల్లో మన పిల్లలు పనిచేస్తున్నరు, ఆ చదువు మనకు గర్వమే. నేననేది ఒక్కటే. దేవరకొండ గుట్టల కింద ఏమున్నదో పట్నంలో తెలుస్తది, ఢిల్లీలో తెలుస్తది. ఆ గుట్ట మీద మేకలు మేపేటోనికి తెల్వదు. తెలిసేనాటికి సంతకాలు అయిపోయి ఉంటయి.

లంబాపూర్ నేర్పిన పాఠం

పెద్దోళ్లకు యాది ఉంటది, చిన్నోళ్ల కోసం చెప్తున్న. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయం పక్కన లంబాపూర్, పెద్దగట్టు అని ఊళ్లున్నయి. ఎక్కువగా లంబాడీ తండాలు. అక్కడ సుమారు 1,300 ఎకరాల్లో యురేనియం గనులు తవ్వుతమని యురేనియం కార్పొరేషన్ ముందుకొచ్చింది. 2003 ఆగస్టులో పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తీసిన రాయిని శుద్ధి చేసే ఫ్యాక్టరీని మొదట మల్లాపురంలో అనుకున్నరు, తర్వాత శేరిపల్లికి మార్చిండ్రు. దాని మీద 2005 మార్చిలో మళ్లీ విచారణ పెట్టిండ్రు. రెండుసార్లూ జనం గట్టిగా ఎదురు తిరిగిండ్రు. ఇప్పటిదాకా అక్కడ గని రాలేదు.

అప్పుడు పట్నం జనానికి కూడా ఒక సంగతి అర్థమైంది. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు అక్కంపల్లి జలాశయం నుంచి వస్తయి. శుద్ధి ఫ్యాక్టరీ పెడతమన్నది ఆ జలాశయం ఉన్న ప్రాంతంలోనే. అంటే పెద్దగట్టు లంబాడీ తల్లి భయం, పట్నంలో నల్లా కింద బిందె పెట్టే తల్లి భయం ఒక్కటే. కానీ గని గురించి పట్నంలో ఉన్న మనకు ఎవరు చెప్పిండ్రు? సర్కారు చెప్పలేదు. ఉద్యమకారులు, కొంతమంది శాస్త్రవేత్తలు, కొన్ని పత్రికలు చెప్తే తెలిసింది. సమాచార హక్కు చట్టం అప్పటికింకా రాలేదు. అది పూర్తిగా అమల్లోకి వచ్చింది 2005 అక్టోబర్ 12న. ఆ రోజుల్లో ఒక కాయితం సంపాదించటమే సగం ఉద్యమం.

రాష్ట్రం వచ్చినంక

సరే, అది ఉమ్మడి రాష్ట్రం, పరాయి పాలన అని సరిపెట్టుకున్నం. 2014 జూన్ 2న మన రాష్ట్రం వచ్చింది. మన ముఖ్యమంత్రి, మన మంత్రులు, మన సచివాలయం. మరి బీరువా తలుపు తెరుచుకున్నదా?

నల్లమల కథ చూడండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, దాని పక్క నల్లగొండ అడవిలో కలిపి 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం అన్వేషణ చేస్తమని అణు ఖనిజ సంస్థ అడిగింది. అన్వేషణ అంటే ఊరికే నడిచి చూసుడు కాదు, అడవిలో 4,000 బోర్లు వేసుడు. 2016 డిసెంబర్‌లో మన రాష్ట్ర వన్యప్రాణి మండలి దానికి ఒప్పుకున్నది. మన మండలి మిత్రులారా, ఆంధ్రోళ్లది కాదు. 2019 మే 22న కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అన్నది. దాంట్లో విచిత్రమేందంటే, దరఖాస్తుతో ఇవ్వాల్సిన వివరాలు పూర్తిగా లేవని ఆ కమిటీనే రాసింది. కాయితాలు తర్వాత తెండి, అనుమతి ఇప్పుడు తీసుకోండి అన్నట్టు. మన పిల్లగాడు ఆదాయ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం తప్పు పోతే ఎన్నిసార్లు తిప్పుతరు? పులుల అడవిలో 4,000 బోర్లకు మాత్రం సగం కాయితాలు సరిపోయినయి.

నల్లమల అంతా లేచింది. చెంచు పెంటల నుంచి అమ్రాబాద్, మన్ననూర్ దాకా బందులు, రాస్తారోకోలు. పట్నంలో విద్యార్థులు, రచయితలు, సినిమావాళ్లు కూడా కదిలిండ్రు. 2019 సెప్టెంబర్ 16న శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. సంతోషం. కానీ లెక్క చూడండి. 2016 డిసెంబర్ నుంచి 2019 సెప్టెంబర్ దాకా రెండేండ్ల తొమ్మిది నెలలు. మండలి ఒప్పుకున్న నాడే ఆ నిర్ణయం తెలుగులో చెంచు పెంటలకు, అమ్రాబాద్ పంచాయతీ గోడకు చేరి ఉంటే ఇంత దూరం వచ్చేదా? తీర్మానం మన గెలుపే. కానీ అది ఆలస్యంగా తెలిసినదానికి ఆలస్యంగా దొరికిన జవాబు. అన్నిసార్లు అంత అదృష్టం ఉండదు.

లీజులో ఒక పేరు, ఒప్పందంలో ఇంకో పేరు

ఇప్పుడు అసలు కిటుకు చెప్తున్న, విద్యార్థులు రాసుకోవాలె. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత కేసులో గొప్ప తీర్పు ఇచ్చింది. విశాఖ మన్యంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుడే, కాబట్టి లీజు చెల్లదు అన్నది కోర్టు. సర్కారు సంస్థ తవ్వొచ్చు, గిరిజన సహకార సంఘం తవ్వొచ్చు, లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల బాగు కోసం పెట్టాలె అని కూడా చెప్పింది.

మంచిదే కదా అనుకుంటరు. కానీ సర్కారు దానికి పక్క తోవ వెతికింది. లీజు ఖనిజాభివృద్ధి సంస్థ పేరు మీద తీసుకునుడు, వెనక నుంచి ప్రైవేటు కంపెనీతో సరఫరా ఒప్పందం చేసుకునుడు. 2005లో విశాఖ బాక్సైట్ కోసం జిందాల్‌తో, 2007లో రస్ అల్ ఖైమా వాళ్లతో చేసుకున్న అవగాహనలు ఈ రకమే. మన దిక్కు బయ్యారం కూడా ఇదే అచ్చు. దాదాపు 1.4 లక్షల ఎకరాలను ఖనిజాభివృద్ధి సంస్థ పేరు మీద పక్కకు పెట్టి, ఇనుపరాయిని ఒక ప్రైవేటు ఉక్కు కంపెనీకి ఇచ్చేటట్టు రాసుకున్నరు. గొడవైనంక రద్దు చేసిండ్రు. 2013లో విశాఖ ఉక్కుకు కేటాయిస్తే ‘బయ్యారం ఉక్కు – తెలంగాణ హక్కు’ అని మనం రోడ్డెక్కినం. విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో, ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమేనా అని ఆరు నెలల్లో చూడాలె అని రాయించుకున్నం. ఆ ఫ్యాక్టరీ ఏమైందో మీకు నేను చెప్పనక్కర లేదు.

ఇందులో పాఠమేంది? లీజు కాయితం చూసి సర్కారు సంస్థే కదా అని ఊరుకుంటే మోసపోతం. అసలు బేరం రెండో కాయితంలో ఉంటది. టన్ను ఎంతకు ఇస్తున్నరు, ఎన్నేండ్లు ఇస్తున్నరు, నీళ్లు ఎవరు ఇస్తరు, నష్టమైతే ఎవరు కడతరు, అన్నీ దాంట్లోనే. అందుకే మొదటి కాయితం గెజిట్‌లో పెడతరు, రెండోది బీరువాలో పెడతరు.

ఒక్క షరతు ఖరీదు

ఉద్యోగ మిత్రులకు లెక్కలు తెలుసు, అందుకని గ్యాసు సంగతి చెప్తున్న. కృష్ణా – గోదావరి బేసిన్ డీ6 బ్లాకుకు కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో రిలయన్స్‌తో ఉత్పత్తి పంపక ఒప్పందం చేసుకున్నది. దాంట్లో షరతు ఏందంటే, కంపెనీ పెట్టిన ఖర్చు ముందు వసూలు చేసుకుంటది, మిగిలిన లాభంలో సర్కారుకు వాటా. కంపెనీకి పెట్టుబడి ఎన్ని రెట్లు తిరిగొస్తే సర్కారు వాటా అంత పెరుగుతది. వినటానికి బాగున్నది. తిరగేసి చూడండి. ఖర్చు ఎంత పెంచి చూపిస్తే సర్కారు వాటా అంత ఆలస్యమైతది, అంత తగ్గుతది. 2004లో 240 కోట్ల డాలర్లు అన్న ఖర్చు అంచనా, 2006లో 880 కోట్ల డాలర్లు అయింది. గ్యాసు మా లెక్క ప్రకారం ఎక్కువ తీద్దమని ప్లాను పెంచినం, అందుకే ఖర్చు పెరిగింది అన్నది కంపెనీ వాదన. కాగ్ 2011లో ఇచ్చిన నివేదికలో ఈ ఒప్పందంలోని లొసుగులను తప్పుపట్టింది. ఎప్పుడు? సంతకమైన పదకొండేండ్లకు. 

2010 మే 7న ఇదే గ్యాసు కేసులో సుప్రీంకోర్టు, సహజ వనరులు ప్రజలవి, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే అన్నది. ధర్మకర్త దేవుని మాన్యం కౌలుకిస్తే ఊరికి లెక్క చెప్పాలె. చెప్పకపోతే వాణ్ని ఊళ్లో ఏమంటరో మీకు తెలుసు. బొగ్గు సంగతి కూడా అంతే. 1993 నుంచి చాటుగా పంచిన బొగ్గు బ్లాకుల్లో 204ను సుప్రీంకోర్టు 2014 సెప్టెంబర్‌లో రద్దు చేసింది. చాటు బేరం కంపెనీకి కూడా మంచిది కాదు. ఫ్యాక్టరీ కట్టుకున్నంక లీజు పోతే అందులో పనిచేసే కార్మికుడు రోడ్డున పడతడు. నాచారం కార్మికునికి ఫ్యాక్టరీ మూతపడుడు అంటే ఏందో నేను చెప్పాల్నా?

వాళ్లు చెప్పే మూడు సాకులు

అడిగితే మూడు మాటలంటరు. ఒకటి దేశ భద్రత, రెండు వ్యాపార రహస్యం, మూడు పెట్టుబడులు పోతయి.

దేశ భద్రత నాకూ ముఖ్యమే. ఇంధనం తయారుచేసే సాంకేతిక రహస్యం ఎవరూ అడుగుతలేరు. బోరు ఏ ఊరి శివారులో వేస్తరు, ఆ ఊరి బాయి నీళ్లు ఏమైతయి అని అడుగుతున్నం. తుమ్మలపల్లె చుట్టూ ఉన్న రైతులు బోరు నీళ్లు చెడిపోయినయని ఏండ్ల నుంచి మొత్తుకుంటున్నరు. బాయి నీళ్ల పరీక్ష ఫలితం శత్రుదేశానికి ఎందుకు పనికొస్తది?

వ్యాపార రహస్యం అంటరా, సమాచార హక్కు చట్టం సెక్షన్ 8 ఆ మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ ప్రజా ప్రయోజనం ఎక్కువుంటే ఇచ్చి తీరాలె అని అదే సెక్షన్‌లో ఉన్నది. ఇక సెక్షన్ 4 చూడండి. ఎవరూ అడగకముందే ప్రతి ఆఫీసు తనంత తాను పెట్టాల్సిన వివరాల్లో, రాయితీలు, పర్మిట్లు, అనుమతులు ఎవరికి ఇచ్చిండ్రో ఆ జాబితా కూడా ఉన్నది. ప్రజల మీద ప్రభావం పడే నిర్ణయాల వాస్తవాలు ప్రకటించాలె అని ఉన్నది. స్థానిక భాషను లెక్కలోకి తీసుకోవాలె అని ఉన్నది.

పెట్టుబడులు పోతయి అంటరా, గనులు, చమురు, గ్యాసు ఆదాయం బయటపెట్టటానికి 2003 నుంచి ఒక అంతర్జాతీయ ఏర్పాటు నడుస్తున్నది. యాభైకి పైగా దేశాలు దాంట్లో ఉన్నయి. 2021 జనవరి నుంచి చేసుకునే ఒప్పందాలను పూర్తిగా బయటపెట్టాలె అన్నది దాని నియమం. ఘనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా లాంటి దేశాలున్నయి. మన దేశం లేదు. ఆ దేశాలకు పోని పెట్టుబడి ఉన్నదా?

ఊరి ముందు కాయితం ముందుగా పెడితే ఏమైతదో పక్కనున్న ఒడిశా చూపించింది. నియమగిరి బాక్సైట్ మీద సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో గ్రామసభలే తేల్చాలె అన్నది. 12 ఊళ్లలో సభలు పెట్టిండ్రు. 12 ఊళ్లూ వద్దన్నయి. అంతే. లాఠీ లేవలేదు, బస్సు కాలలేదు.

నా తప్పు ఒకటి

ఇంతసేపు సర్కారును అన్న. ఇప్పుడు నన్ను అనుకుంట. నేను ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తాగా మొదలుపెట్టినోణ్ని. సమాచార హక్కు రాని రోజులు. ఒకనాడు ఒక సర్పంచ్ వచ్చి, “సార్, మా గుట్ట క్వారీకి ఇచ్చిండ్రట, ఎన్ని ఎకరాలో ఒక్క ముక్క చెప్పండి” అని అడిగిండు. ఫైలు నా టేబుల్ మీదనే ఉన్నది. నేను “పైన అడగాలె” అన్న. ఆయన మూడు బస్సులు మారి వచ్చిండు, మూడు బస్సులు మారి పోయిండు. ఆ ఫైలు మీద రహస్యం అని ముద్ర ఏమీ లేదు. నాకు ఎవరూ చెప్పొద్దని చెప్పలేదు. చెప్పకపోవుడు మాకు అలవాటు, అంతే.

ఉద్యోగ మిత్రులారా, సకల జనుల సమ్మెలో 2011లో 42 రోజులు ఆఫీసులు బంద్ పెట్టినం. జీతాలు పోయినా నిలబడ్డం. ఆ ధైర్యంలో పదో వంతు ఇప్పుడు చాలు. ఆఫీసు బంద్ పెట్టుడు కాదు, ఆఫీసు తెరుసుడు. మీరు సమాచార అధికారి అయితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె. ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా మీ జేబు నుంచే పోతది, మంత్రి జేబు నుంచి పోదు. పైవాడు నోటితో చెప్పిన ‘ఇయ్యొద్దు’ను ఫైలు మీద రాయమనండి. చాలామంది రాయరు. రాయనోడి మాట మీరు ఎందుకు మోయాలె?

అయిదు కాయితాలు

విద్యార్థులకు ఒక పని చెప్తున్న. మీలో చాలామంది నల్లగొండ, వరంగల్, పాలమూరు పల్లెల నుంచి వచ్చి ఇక్కడ రూముల్లో ఉంటున్నరు. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ పండుగకు బస్సెక్కి ఊరికి పోతరు. పోయినప్పుడు మీ మండలంలో ఒక్క గని, ఒక్క క్వారీ, ఒక్క ఇసుక రీచ్ పట్టుకోండి. పది రూపాయల ఫీజుతో ఈ అయిదు అడగండి.

ఒకటి, సర్వే నంబర్లు, పటంతో సహా లీజు ఉత్తర్వు. రెండు, లీజుదారు తవ్వకం ఇంకొకరికి అప్పజెప్తే వాళ్ల మధ్య ఒప్పందం. మూడు, పర్యావరణ నివేదిక తెలుగు సారాంశం, ప్రజాభిప్రాయ సేకరణలో ఎవరేమన్నరో రాసిన మినిట్స్. విచారణ ఉన్న ప్రాజెక్టుకు తెలుగు సారాంశం ఇవ్వాలని, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2006 నోటిఫికేషన్‌లోనే ఉన్నది. నాలుగు, అడవి భూమి, ఏజెన్సీ భూమి అయితే గ్రామసభ తీర్మానం, దాని మీద సంతకాలు. అయిదు, కట్టిన రాయల్టీ ఎంత, 2015 నుంచి వచ్చిన జిల్లా ఖనిజ నిధికి ఎంత పోయింది, అందులో ఆ ఊరికి ఎంత వచ్చింది.

జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. కానీ నిజం దాచను. మన రాష్ట్ర సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనర్ లేడు. జీవోలు వెబ్‌సైట్‌లో 24 గంటల్లో పెట్టండి అని 2021 ఆగస్టులో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఇంకొక మెమో తెచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణే అక్కరలేదు అని. అంటే 2003లో పెద్దగట్టు జనానికి దొరికిన మైకు, రేపు ఇంకో ఊరికి దొరకదు. మైకు గుంజుకున్నప్పుడు కాయితమన్నా చేతిలో ఉండాలె. అందుకే ఈ పని ఇప్పుడు చేయాలె అంటున్న.

నీళ్లు, నిధులు, నియామకాలు అని అడిగి రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ మూడింటి లెక్క ఉండేది కాయితంలోనే. ఆ నాలుగో మాట అప్పుడు మనం అనలేదు. అనుంటే బాగుండేది. ఇప్పుడన్నా అందం. ఈ పార్టీ ఉన్నా, ఆ పార్టీ వచ్చినా ఒకటే అడుగుదం. సంతకం పెట్టేముందు మా ఊరి గోడ మీద, మా భాషలో, మా కంటికి కనబడేటట్టు పెట్టండి. చదువుకొని చెప్తం, ఔనంటమో కాదంటమో.

ఆనాడు మూడు బస్సులు మారి వచ్చిన ఆ సర్పంచ్ ఇప్పుడు ఉన్నడో లేడో నాకు తెల్వదు. ఆయనకు ఇయ్యాల్సిన జవాబు బాకీ ఉన్నది. మీరు తీర్చండి.

సెలవు. జై తెలంగాణ.